మూడోసారైనా చూడనివ్వరా!

టీవీలో కూతురు వంగి కడ్డీ పట్టుకుంది. బరువును మోకాళ్ల దాకా లేపింది. అంతే! బొమ్మ బిగుసుకుపోయి మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. అది ఆగేసరికి పిల్ల వెనక్కి నడిచిపోతోంది. ఎత్తిందో, పడేసిందో ఆ దేవుడికే తెలియాలి. మొదటిసారీ ఇదే వరస.

"ఈ నెట్ మొహం మండ!" అన్నాడు తండ్రి, ఫ్రిజ్‌లు బాగుచేసే మెకానిక్.

బరువులెత్తే పోటీలో ఒక్కొక్కరికి మూడే అవకాశాలు. ఇక మిగిలింది ఒక్కటే. "నువ్వు హాల్లో ఉంటే నాకు చేతులు వణుకుతాయి నాన్నా. ఇంట్లోనే చూడు. మూడోది కాగానే నీకే ఫోన్ చేస్తా, ఎలా ఎత్తానో చెప్పాలి" అని మరీ మరీ చెప్పి వెళ్లింది కూతురు.

ఆయన రౌటర్ ప్లగ్గు రెండుసార్లు పీకి పెట్టాడు. దాన్ని బీరువా మీంచి దించి టీవీ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టాడు. క్లారిటీ తగ్గించాడు. దాంతో కూతురి మొహం అలుక్కుపోయింది గానీ, చక్రం మాత్రం చక్కగా కనిపించింది.

"కాసేపు దాన్ని ముట్టుకోకుండా ఉండండి. మీ చెయ్యి పడ్డాకే ఇలా అయింది" అంది భార్య.

"అవునులే, తప్పంతా నాదే!"

ఒళ్లు మండి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాడు. అక్కడ గట్టు మీద, డబ్బాకి ఆనించిన ఫోన్లో, అదే పోటీ. దాని ముందు ఆయన తల్లి.

"అరవకురా. టీవీ ఆగితే ఇందులో చూద్దామని పెట్టుకున్నా."

ఆయనకు అనుమానం వచ్చింది. బాల్కనీలో బావమరిది చేతిలో అదే పోటీ. సోఫా దిండు కింద భార్య ఫోన్లో అదే పోటీ.

"ఇంటిల్లిపాదీ కలిసి నెట్ పీక పిసికితే టీవీకి ఊపిరెలా ఆడుతుంది? బుద్ధుండక్కర్లా?"

"మరి మీ చొక్కా జేబులో మాట్లాడుతున్నదెవరో?" అంది భార్య.

జేబులోంచి జనం కేకలు సన్నగా వినిపిస్తున్నాయి. పొద్దున ఆయనే పెట్టి మరిచిపోయాడు.

"సరే సరే, అన్నీ స్విచ్చాఫ్! ఊరికే వీడియో ఆపితే కుదరదు, మీ వేళ్లు ఊరుకోవు."

నాలుగు ఫోన్లూ స్టూలెక్కాయి. టీవీలో కూతురు మళ్లీ వచ్చింది. వంగింది. కడ్డీ మోకాళ్లు దాటింది, భుజాలకెక్కింది, తలను దాటి పైకి లేచి నిలబడింది. ఎత్తినట్టే అంటూ మూడు తెల్ల లైట్లు వెలిగాయి. ఇల్లు ఎగిరిపోయేలా అరిచారు. ఆయన ఏడ్చేశాడు.

"ఒరేయ్, అది ఎవరికో ఫోన్ చేస్తోందిరా" అంది అమ్మ.

అందరూ స్టూలు వైపు చూశారు. ఆయన ఒక్క ఉదుటున తన ఫోన్ అందుకుని బటన్ నొక్కిపట్టాడు. ఫోన్ తెర మీద చక్రం తిరుగుతోంది.

టీవీలో కూతురు ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి చూసుకుంది. మళ్లీ నొక్కింది. మొహంలో నవ్వు కొంచెం తగ్గింది. ఇప్పుడు ఒక్క క్షణం కూడా బొమ్మ ఆగడం లేదు.

"చూశానమ్మా! మొత్తం చూశాను!" అని ఆయన టీవీని చూసి అరిచాడు.