అగ్గి గొడుగు

మమత బిడ్డను ఆ రోజు తొట్టెలలో వేసే వేడుక. పుట్టి ఇరవై ఒక్క రోజులు. డిసెంబరు నెల. మాదాపూర్ రాళ్ల మీదుగా వచ్చే గాలి మిద్దె మీద కొడితే పెద్దవాళ్లకే పళ్లు టకటకలాడేవి. అయినా మమత తండ్రి రాములుకు ఆ మిద్దె తప్ప దిక్కు లేదు. అతని వాచ్‌మన్ గదిలో నలుగురు కూర్చుంటే ఐదోవాడు నిలబడాలి. అడగ్గానే ఇంటి యజమాని భీమేశ్వరరావు మిద్దె ఇచ్చాడు. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది.

"పసిగుడ్డు కదా రాములూ, చలికి తట్టుకుంటుందటయ్యా? మావాడు హీటరు తెచ్చాడు. అది పెట్టేద్దాం," అన్నాడు.

ఆయనది కాకినాడ. ఇంజనీరుగా రిటైరై ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. హైదరాబాదు చలికి మధ్యాహ్నం కూడా మంకీ క్యాపు తీసేవాడు కాదు. కొడుకు రోహిత్ కంపెనీలో ఉండి వెళ్లిపోయిన తెల్లదొర ఒకాయన ఆ హీటరు వదిలేసి పోయాడట.

అది మనిషి కంటే ఎత్తు. కింద డబ్బాలో గ్యాసు సిలిండరు, నడుమ ఇనుప గొట్టం, నెత్తిన రేకు గొడుగు. మంట ఆ గొడుగు కింద మండుతుంది. రోహిత్, రాములు మోసుకొచ్చి మిద్దె నడుమ దించారు.

"అక్కడేవిట్రా? అగ్ని ఆగ్నేయంలో ఉండాలి," అంది సారు భార్య రత్నమాల.

ఆగ్నేయం మూలకు జరిపారు. అక్కడే పగటి ఎండకు కట్టిన షామియానా బాగా కిందికి వాలి ఉంది. రేకు గొడుగుకూ గుడ్డకూ మధ్య జానెడు. ఆ గుడ్డ కిందే మనవరాలిని వేయబోయే ఖాళీ తొట్టె.

"సారూ, గుడ్డ," అన్నాడు రాములు.

"బాగుందయ్యా, ఎర్రగా," అన్నాడు సారు.

రాములుకు మాటలు తక్కువ. ఉన్నవి కూడా సారు ముందు గొంతు దాటవు. మిద్దె ఇచ్చిన మనిషిని కాదనడం ఎట్లా? కాదనకుంటే పిల్ల గతేమిటి?

ఈలోగా రత్నమాల హీటరుకు పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, గొడుగుకు బంతిపూల దండ వేసింది. పళ్లెంలో కర్పూరం పెట్టి అగ్గిపుల్ల తీసింది. రాములు భార్య లక్ష్మమ్మ వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"జర ఆగుండ్రి అమ్మా. గ్యాసు ఇప్పుడే బిగిచ్చిండ్రు. ముందు సబ్బు, ఎనక కర్పూరం."

గిన్నెలో సబ్బు నురగ చేసి పైపు అతుకు మీద పూసింది. చింతగింజంత బుడగ ఉబ్బి టప్పుమంది. దాని వెనకే ఇంకొకటి. రోహిత్ సిలిండరు కట్టేసి, పానాతో నట్టు బిగించాడు. తెరిచి మళ్లీ సబ్బు పూస్తే ఈసారి బుడగ రాలేదు. మళ్లీ కట్టేశాడు.

"చూశారటండీ, నేను వెలిగించి ఉంటే?" అంది రత్నమాల.

"మనమే హారతి కర్పూరం అయ్యేవాళ్లం," అన్నాడు సారు.

ఆమె పడీపడీ నవ్వింది. "ఇప్పుడు వెలిగించనా నాన్నా?" అన్నాడు రోహిత్.

రాములు నడిచి వెళ్లి షామియానా తాళ్లు ఒక్కొక్కటే లాగేశాడు. గుడ్డంతా వచ్చి సారు, రత్నమాల, రోహిత్ ముగ్గురి మీదా పడింది.

"ఏవిటయ్యా, నీడ పీకేశావు?" అంది సారు గొంతు గుడ్డ కింది నుంచి.

"పొద్దు గూకింది సారూ. నీడెందుకు?"

గుడ్డ అటూ ఇటూ పొర్లింది. ముందు మంకీ క్యాపు బయటికి వచ్చింది, వెనక సారు. గొడుగు వైపు చూశాడు, చేతిలోని గుడ్డ వైపు చూశాడు.

"ఓరి నీ! ఇదటయ్యా గుడ్డంటే? నోరు తెరిచి చెప్పొచ్చుగా."

"చెప్పిన సారూ."

ఇంక సారును పట్టలేకపోయారు. గొడుగు మీది దండ తీయించాడు. హీటరు ఊగకుండా చదునైన చోట నిలబెట్టించాడు. బారెడు దూరంలో చుట్టూ ముగ్గు వేయించి, తొట్టెను ముగ్గుకు ఇంకా అవతలికి జరిపించాడు. "ఎవరూ ఈ గీత దాటకూడదు," అన్నాడు. అప్పుడు రోహిత్ వెలిగించాడు. గొడుగు కింద ఎర్రటి వెలుగు గుమ్మని విచ్చుకుంది.

బోరబండ నుంచి వ్యాను దిగి మమత అత్త ఈరమ్మ ముప్పై మంది చుట్టాలతో మిద్దె ఎక్కింది. హీటరు ఒంటినిండా పసుపు, చుట్టూ ముగ్గు, నెత్తిన అగ్గి చూసి మెట్ల దగ్గరే చెప్పులు విడిచింది.

"అన్నా, ఏ తల్లి గీమె?"

రోహిత్ నోరు తెరిచాడు. రాములు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"గ్యాసమ్మ," అన్నాడు.

"శక్తి గల తల్లేనా?"

"ముగ్గు దాటితే ఊకోదు."

ముప్పై మందీ ముగ్గు ఇవతలే ఆగారు. దాటబోయిన పిల్లల్ని చెవులు పట్టి వెనక్కి లాగారు. ఈరమ్మ మమత చేతుల్లోంచి మనవరాలిని తీసుకుని వచ్చి, గీత దగ్గర నిలబడి పైకెత్తింది. వెచ్చదనం తగిలి పసిదాని పిడికిలి మెల్లగా విడింది.

"గ్యాసమ్మ తల్లీ, మా పిల్లను సల్లగ సూడు."

రోహిత్ షామియానా గుడ్డ నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగాడు. సారు క్యాపు ముక్కు దాకా లాక్కున్నాడు, భుజాలు మాత్రం ఎగురుతున్నాయి. రాములు నవ్వలేదు. నిజంగానే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.