పూలగంగి చూరకత్తి

జిలాన్ బట్టలు కుట్టే దుకాణం చంద్రగిరిలో కోటకు పోయే దారి మీద ఉంది. ఆదివారం మధ్యాహ్నం అక్కడ గిరాకీ ఉండదు. గుడ్డ పరిచి కత్తిరించే పెద్ద బల్ల ఖాళీగా ఉంటుంది. ఆ బల్ల చుట్టూ ఆయన కూతురు నిలోఫర్, ఆమె స్నేహితులు ముగ్గురు చేరి ఆట ఆడేవారు. జిలాన్ ఒక మూల మిషన్ ముందు కూర్చుని, చేతిలో ఏదో పని పెట్టుకుని, తనకేమీ పట్టనట్టు ఉండేవాడు.

అది కథను ఆడే ఆట. కథ నడిపేది అమల. తిరుచానూరులో పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పే టీచరు. రాజ్యాలు, అడవులు, రాక్షసులు అన్నీ ఆమె నోటి నుంచే పుడతాయి. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక వీరుడు. తమ వీరుడు ఏం చేయబోతున్నాడో వాళ్ళు చెబుతారు. అది నెగ్గిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. వీరుడు చస్తే చచ్చినట్టే. మళ్ళీ బతికించుకోవడం అమల ఆటలో లేదు.

మొదటిరోజు ఆయుధాలు ఎంచుకున్నారు. తడ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే మునిచంద్ర తన వీరుడికి ఉక్కురాయుడు అని పేరు పెట్టి, రెండు చేతులతో ఎత్తాల్సినంత ఖడ్గం ఇచ్చాడు. లా చదువుతున్న రూపశ్రీ విల్లు తీసుకుంది. నిలోఫర్ వీరురాలి పేరు పూలగంగి. బజారులో పూలు అమ్ముకునే మనిషి. ఆమెకు నిలోఫర్ ఒక చూరకత్తి ఇచ్చింది. జానెడు పొడుగు కూడా లేనిది.

మునిచంద్ర పగలబడి నవ్వాడు. "ఏం పాపా, రాక్షసునికి మామిడికాయ కోసిస్తావా దాంతో?"

"నీ ఖడ్గం నువ్వు పడుకునేటప్పుడు యాడ పెడతావన్నా?"

"యాడ పెట్టేది? గోడకి ఆనిస్తా."

"నాది నా నడుములోనే ఉంటాది," అంది నిలోఫర్.

ఖడ్గం దెబ్బకు పన్నెండు ముఖాల పాచిక వేస్తారు. చూరకత్తికి నాలుగు ముఖాలదే. పడిన అంకె ఎంతో దెబ్బ అంత. యుద్ధం వచ్చిన ప్రతిసారీ ఉక్కురాయుడు ఒక్క వేటుతో ముగించేవాడు. పూలగంగి పొడిచి పొడిచి అలసిపోయేది. అయినా ఆమె కత్తి ఊరికే ఉండలేదు. కోట కాపలావాళ్ళు అందరి ఆయుధాలూ లాక్కున్నప్పుడు అది పూలబుట్టలో అరటినార కింద దాక్కుని లోపలికి పోయింది. చెరసాలలో కట్లు కోసింది. వంతెన మీద శత్రువులు తరుముకొస్తుంటే వెనక తాడు తెంపింది. ఆట ముగిశాక మాత్రం అందరూ ఖడ్గం వేట్ల గురించే మాట్లాడుకునేవారు. నిలోఫర్‌కు అది కొంచెం కష్టంగానే ఉండేది. పైకి చెప్పుకునేది కాదు.

ఆమె ముఖం చూసి అమలే ఒక దారి ఆలోచించింది. ఒక గుహలో మెరుపుబల్లెం దొరికేటట్టు కథ నడిపింది. విసిరితే పిడుగు పడినట్టే.

"ఇది గంగికే, మే నిలోఫర్," అంది. "దీనికి పెద్ద పాచిక. తీసుకో."

నిలోఫర్ ఆలోచించింది. ఆశ పుట్టలేదని కాదు.

"వద్దులే అమలా. రూపశ్రీకి ఇచ్చెయ్."

"పిచ్చా నీకేమన్నా?" అన్నాడు మునిచంద్ర. ఈసారి అతను నవ్వలేదు, నిజంగానే విసుక్కున్నాడు. "నువ్వు ఆ సూరకత్తి పట్టుకునుంటే నీ ప్రాణం మేము కాపాడాల్సొస్తా ఉండాది."

అందరూ వెళ్ళాక నిలోఫర్ బల్ల సర్దుతుంటే, మిషన్ దగ్గర్నించి జిలాన్ గొంతు వినిపించింది.

"ఆ బల్లెం ఎందుకు వద్దంటివి?"

ఆమె ఆశ్చర్యపోయి తండ్రి వైపు తిరిగింది. "నువ్వు వింటా ఉండావా అబ్బా?"

"చెవులుండాయి గదా. వినపడతాది."

"బల్లెం పట్టుకుంటే గంగి ఇంకెవరో అయిపోతాది. కత్తి ఉంటేనే గంగి గంగి మాదిర ఉంటాది. దాంతో ఏం చెయ్యొచ్చో నేనింకా పూర్తిగా చూడనే లేదు."

జిలాన్ ఊఁ అన్నాడు. సూదిలోకి దారం ఎక్కించుకున్నాడు.

కథ ముగింపుకు వచ్చింది. రాజ్యంలో బావులు, ఊటలు, వంకలు అన్నీ ఎండిపోయాయి. నల్లకోనలో ఉన్న కొండచిలువ ఒకటి, ఊటలన్నిటికీ ప్రాణమైన ఊటమణిని మింగేసింది. ఆ మణి బయటికి వస్తే తప్ప చుక్క నీళ్ళు లేవు. ముగ్గురు వీరులూ నల్లకోన చేరారు. ఆ ఆదివారం ఎవరూ టీ కూడా అడగలేదు.

పాము గుట్ట మాదిరి పడుకుని ఉందని అమల చెప్పింది. ఉక్కురాయుడు అలవాటుగా ముందుకు దూకాడు. మొదటి వేటు పొలుసుల మీద జారిపోయింది. రెండో వేటు పడేలోపల పాము అతన్ని చుట్టేసింది.

"ఖడ్గంతో పొడుస్తా," అన్నాడు మునిచంద్ర.

"ఎట్లన్నా? చేతులు రెండూ ఒంటికి అతుక్కుపోయినాయి. ఖడ్గమేమో నీ అంత పొడుగు. తిప్పను చోటు లేదు."

రూపశ్రీ బల్లెం ఎత్తబోయి ఆగిపోయింది. "పిడుగు పడితే పాముతోపాటు అన్న కూడా మాడిపోతాడు గదా?"

అమల అవునన్నట్టు తలాడించింది. రూపశ్రీ విల్లు తీసింది. బాణాలు పొలుసులకు తగిలి విరిగిపోయాయి. పాము నోరు తెరిచి, ఉక్కురాయుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా మింగేసింది.

మునిచంద్ర కుర్చీలో వెనక్కి వాలాడు. ఉక్కురాయుడి బొమ్మను తన చేత్తో గీసి ఫోను వెనక అంటించుకున్న మనిషి అతను. ఫ్యాక్టరీ బస్సులో తడ నుంచి వచ్చేటప్పుడంతా వచ్చే ఆదివారం ఉక్కురాయుడు ఏం చేయాలా అని ఆలోచించుకుంటూ వచ్చేవాడు.

"సరేలే. నా కథ అయిపోయినట్టే. మీరిద్దరూ పరిగెత్తండి," అన్నాడు.

"నేను లోపలికి పోతా," అంది నిలోఫర్.

"యాడికి?"

"పాము నోట్లోకి. అది నోరు మూసేలోపల దూకుతా."

"వద్దు పాపా. గంగి కూడా పోతాది."

"గమ్మునుండన్నా."

పాచిక వేసింది. గంగి కోరల సందున జారి లోపల పడింది. అంతా చీకటి. చుట్టూ మెత్తగా, వేడిగా, బిగుసుకుంటున్న గోడలు. ఊపిరి కొద్దిసేపే నిలుస్తుందని అమల హెచ్చరించింది.

"ఎంత చోటుండాది అమలా?" అని అడిగింది నిలోఫర్.

"మోచెయ్యి మడిచేంత. అంతే."

"నాకు చాలు."

అమల ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, చిన్నగా నవ్వి, కథ అందుకుంది. గంగి చేతులతో తడుముకుంటూ పోతే ఉక్కురాయుడు తగిలాడు. అతని ఇనుప కవచం పాము గొంతులో ఇరుక్కుపోయింది. గంగి కవచం వార్లు ఒక్కొక్కటే కోసింది. అతను వదులయ్యాడు. అతని తల అవతల మాంసపు సంచిలో ఏదో మెరుస్తోంది. ఊటమణి.

"పామును చంపేది నా వల్ల కాదు," అంది నిలోఫర్. "చంపను కూడా చంపను. ఆ సంచిని కోసి మణిని తీస్తా. కడుపులో నొప్పి పుడితే అదే మమ్మల్ని కక్కుతాది."

"సంచి గట్టిది. ఒకేచోట కోస్తా పోవాల. పాచికలన్నీ కూడితే పది దాటాల. ఊపిరి ఉండేది మూడుసార్లకే."

నాలుగు ముఖాల పాచిక బల్ల మీద దొర్లింది. మూడు. మళ్ళీ వేసింది. రెండు. మూడోసారి మళ్ళీ మూడు. కూడితే ఎనిమిది.

రూపశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుంది. అప్పుడు మునిచంద్ర ముందుకు వంగాడు.

"అమలా, ఉక్కురాయునికి కొంచెం ఊపిరి మిగిలుండాది గదా?"

"ఉండాది. ఒక్కసారికి."

"అది గంగికి ఇచ్చేస్తా."

"ఇస్తే, ఈసారి సంచి తెగకుంటే నువ్వు బతకవన్నా."

"తెలుసులే. ఖడ్గం పట్టుకుని నేనీడ చేసేదేముండాది? ఆ పాప చేతిలో కత్తి ఉండాది. వెయ్యి పాపా."

నిలోఫర్ పాచికను అరచేతిలో పట్టుకుంది. మూడు పడాలి, లేదా నాలుగు. వేసింది.

నాలుగు.

రూపశ్రీ కేక వేసింది. సంచి తెగింది. గంగి మణిని పట్టుకుంది. కొండచిలువ మెలితిరిగి, తల నేలకేసి కొట్టుకుని, ఇద్దర్నీ ఇసుకలోకి కక్కేసింది. ఆ తర్వాత అమల చెప్పిన మాటలు అందరూ కదలకుండా విన్నారు. ముందు నల్లకోనలో రాళ్ళ సందున చెమ్మ కనిపించింది. తర్వాత వంకలో ఇసుక తడిసింది. ఒక ఊళ్ళో బావిలో బొక్కెన వేసిన ఆడమనిషి, ఎప్పటిలాగా రాయి తగిలిన చప్పుడు వస్తుందని చెవి ఒగ్గి నిలబడితే, నీళ్ళ చప్పుడు వినబడింది.

మునిచంద్ర లేచి నిలబడ్డాడు. "ఉక్కురాయుడు ఖడ్గం గంగి ముందర నేల మీద పెడతా ఉండాడు," అని గంభీరంగా ప్రకటించాడు. తర్వాత మామూలు గొంతుతో అన్నాడు. "నేను నిన్ను ఎన్నో మాటలంటి పాపా. నా ప్రాణం నిలబెట్టింది ఆ సూరకత్తే. అమలా, నాకూ ఒకటి కావాల. నడుముకు కట్టుకుంటా."

"బజారులో దొరుకుతాయిలే," అంది అమల. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "కానీ గంగి దగ్గర నేర్చుకోవాల, ఎట్ల వాడాలనేది."

నిలోఫర్ వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. బల్లెం వద్దన్న రోజు నుంచి ఆమెలో ఎక్కడో బిగిసి ఉన్నదేదో విడిపోయింది. తను పట్టుకున్నది సరైనదేనని ఆమెకు ముందే తెలుసు. ఇప్పుడు బల్ల చుట్టూ ఉన్న వాళ్ళందరికీ తెలిసింది. ఆ సంతోషాన్ని దాచుకోవాలని ఆమెకు అనిపించలేదు.

మిషన్ చాలాసేపటిగా ఆగిపోయి ఉందని అప్పుడు గమనించారు. జిలాన్ కుట్టుపని ఒళ్ళో వదిలేసి వాళ్ళవైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"ఆ పాము చచ్చిందా, బతికిందా?" అని అడిగాడు.

"బతికింది మామా," అంది అమల. "అడవిలోకి పోయింది."

"మంచిది," అన్నాడు జిలాన్. కూతురి వైపు చూశాడు. లేచి వెళ్ళి అందరికీ టీ చెప్పి వచ్చాడు.

మరునాడు పొద్దున చెంగమ్మ అనే ఆమె రవిక గుడ్డ ఇచ్చిపోదామని దుకాణానికి వచ్చింది. జిలాన్ కొలత టేపు మెడలో వేసుకుని, గుడ్డ అందుకోకుండానే మొదలుపెట్టాడు.

"మా పాప నిన్న ఏం చేసిందో తెలుసునా చెంగమ్మా? పాము నోట్లోకి దూకింది. జానెడు కత్తితో. లోపలుండే మనిషిని బయటికి లాక్కొచ్చింది. ఊరూరికీ నీళ్ళు తెచ్చింది."

చెంగమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో దేవుడా! యాడప్పా? ఏ ఊళ్ళో?"

"ఇదో, ఈడనే," అని జిలాన్ కత్తిరింపు బల్ల మీద అరచేత్తో తట్టాడు. "కూచో. మొదట్నుంచి చెప్తా."