స్టూలు కింది చుట్టం

కోదండం ఎడమ చెయ్యి పట్టుకుని గోడౌన్‌లో నేల మీద కూలబడితే అందరూ గుండెపోటే అనుకున్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు దాటి లోపలికి పోయే ఒక సందులో ఆయన కొడుకు నరేష్‌కుమార్‌కు చీరల దుకాణం ఉంది. పోచంపల్లిలో వయసంతా మగ్గం గుంటలో గడిపిన కోదండం, మోకాళ్లు మొరాయించాక కొడుకు దగ్గరికి వచ్చేశాడు. వచ్చినా ఊరికే కూర్చోలేదు. పై అంతస్తు గోడౌన్‌లో చీరలు విప్పి పోగులు తెగాయేమో చూసి మళ్లీ మడత పెట్టేది ఆయనే.

ఆ రోజు మూలనున్న ప్లాస్టిక్ స్టూలును అంచు పట్టుకుని జరిపాడు. వేలికి చురుక్కుమంది. పిన్ను గుచ్చుకుందేమోననుకుని వేలు నోట్లో పెట్టుకుని పనిలో పడ్డాడు. కాసేపటికి నొప్పి మోచేతికి పాకి, అక్కడి నుంచి చంకలోకి ఎక్కింది. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. కడుపు రాయిలా బిగుసుకుంది.

కింద ఫోన్ ముందు నిలబడి ఆన్‌లైన్ గిరాకీలకు చీరలు చూపిస్తున్న కోడలు రజిత, పైన చప్పుడు విని పరుగెత్తింది.

"మామయ్యా, ఏమైంది?"

"చెయ్యి గుంజుతున్నది బిడ్డా. కడుపంత పట్టేసింది."

నరేష్ ఆటో పిలిచాడు. ఎల్బీనగర్‌లో తెలిసిన దవాఖానకు చేరేదాకా రజిత మామయ్య చెయ్యి వదల్లేదు. దారి పొడుగునా ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

ఈసీజీ తీశారు. గుండె బాగానే ఉందన్నారు. మరి నొప్పి ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. డాక్టర్ అలేఖ్య మళ్లీ మొదటి నుంచి అడుగుతుంటే రజిత ముందుకొచ్చింది.

"మేడమ్, ఒళ్లంతా చెమట ఆరిపోయింది గానీ గీ వేలొక్కటే ఇంకా చెమట పోస్తున్నది. తుడిచినా మళ్లొస్తున్నది. జర చూడుండ్రి."

అలేఖ్య వంగి చూసింది. ఉంగరం వేలి కొసన సూదితో పొడిచినట్టు రెండు ఎర్రటి చుక్కలు, చుట్టూ తెల్లబడిన చర్మం, దాని మీద సన్నటి చెమట బిందువులు.

"భలే పట్టుకున్నారండీ," అంది. "ఇది సాలీడు కాటులా ఉంది. కొన్నిటి విషం నరాల మీద పనిచేస్తుంది. కంగారు పడకండి, నొప్పికి మందిస్తాను. ఈ రాత్రికి ఇక్కడే ఉంచుదాం. వీలైతే ఆ సాలీడు ఫొటో తీసుకురండి. చేత్తో మాత్రం ముట్టుకోవద్దు."

మంచం మీదున్న కోదండం కళ్లు తెరిచాడు. "సాలెపురుగా?" అన్నాడు. నొప్పిలోనే చిన్నగా నవ్వొచ్చింది ఆయనకు. "మనం సాలోళ్లం. అంటే చుట్టమే కరిచిందన్నట్టు."

నరేష్‌ను తండ్రి దగ్గర ఉంచి రజిత ఒక్కతే దుకాణానికి వెళ్లింది. ఇంట్లో బల్లి కనిపిస్తే గది మారే మనిషి. ఇప్పుడు భయం లేదని కాదు, కానీ ఇంత పెద్ద మనిషిని కూలదోసింది ఎంతుంటుందో చూడాలని మనసు లాగుతోంది. చీరలు మడిచే పొడుగు స్కేలుతో స్టూలును పక్కకు పడేసి, ఫోన్ లైటు వేసింది.

స్టూలు అడుగున గూడు ఉంది. చెట్ల మధ్య కనిపించే చక్రంలాంటి గూడు కాదు. ఎటుపడితే అటు లాగి కట్టిన దారాలు. మూలలో శనగగింజంత ఒళ్లున్న గోధుమరంగు సాలీడు, కాళ్లకు చారలు, తలకిందులుగా వేలాడుతోంది. పొట్ట కింద నారింజ రంగులో బుల్లి డమరుకం గుర్తు. పక్కనే దారానికి కట్టినట్టు ముళ్ల ఉండలు. ఉమ్మెత్త కాయల్ని మిరియమంత చేస్తే ఎలా ఉంటాయో అచ్చం అలా ఉన్నాయి.

స్కేలు కొసతో ఒక దారాన్ని లాగింది. చప్పున తెగలేదు. సాగి సాగి చివరికి 'టిక్'మని తెగింది. ఆ చప్పుడుకు రజిత అదిరిపడింది. సాలెగూడు తెగితే చప్పుడు రావడం ఆమె ఎప్పుడూ వినలేదు.

ఖాళీ పచ్చడి సీసా మూత తీసి సాలీడు కింద పట్టి, స్కేలుతో మెల్లగా నెట్టింది. సాలీడు కాళ్లు ముడుచుకుని చచ్చినదానిలా సీసాలో పడింది. రజిత మూత బిగించి, ఫోన్‌తో దాన్నీ ఆ ముళ్ల ఉండల్నీ ఫొటో తీసింది.

ఫొటో చూసిన డాక్టర్ అలేఖ్య దాన్ని విశ్వవిద్యాలయంలో సాలీళ్ల మీద పరిశోధన చేస్తున్న తన స్నేహితురాలు సింధూరకు పంపింది. జవాబు వెంటనే వచ్చింది. బ్రౌన్ విడో. విషం ఉంది గానీ మామూలుగా ప్రాణం తీసేంత కాదు. ఆ ముళ్ల ఉండలు దాని గుడ్ల సంచులు. కుర్చీల అడుగున, కుండీల అంచున, బండి మడ్‌గార్డు లోపల, మనుషుల పక్కనే కాపురం ఉంటుంది. గూడు చెదిరితే పారిపోతుంది. మీద ఒత్తిడి పడితేనే కరుస్తుంది.

మర్నాడు సాయంత్రానికి నొప్పి తగ్గి కోదండం అల్మాస్‌గూడలోని ఇంటికొచ్చాడు. అప్పటికే నరేష్, రజిత చీపురుతో ఇల్లంతా వెతికారు. వాషింగ్ మిషన్ స్టాండు కింద ముళ్ల ఉండలు దొరికాయి. గేటు గొళ్లెం సందులో ఒక సాలీడు. రజిత రోజూ నడిపే స్కూటీ సీటు కింద ఇంకొకటి. దాన్ని చూసి ఆమె బండికి నాలుగడుగులు దూరం జరిగింది. ఇన్ని నెలలు దాన్ని వెంటేసుకునే దిల్‌సుఖ్‌నగర్ పోయి వస్తోందన్నమాట. అన్నిటినీ ఊడ్చి, ఉండల్ని రాయితో నలిపేశారు. సీసాలోదాని మీద కూడా మందు కొట్టబోయాడు నరేష్.

"ఆగురా," అన్నాడు కోదండం. "నన్ను కరిచినదాన్ని నేను చూడొద్దా?"

"నాయినా, నీకేమన్న పిచ్చా? దవాఖాన నుంచి వచ్చి ఇంకా కాళ్లు కూడా కడగలె."

"సీసాల ఉన్నది ఏం చేస్తది? ఇటియ్యి."

సీసాను కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. రజిత దారం తెగిన చప్పుడు గురించి చెప్పింది. ఆయన నమ్మలేదు. మూత కాస్త తీసి సూదితో ఒక పోగు లాగి చూశాడు. టిక్‌మంది. మళ్లీ లాగాడు.

"పట్టు పోగు గిట్ల పలకదు బిడ్డా," అన్నాడు. "గింత సన్నగుండి గింత గట్టిగ ఎట్లున్నదే?"

రెండు మూడు రోజుల తర్వాత, పొద్దున రజిత టీ తెచ్చేసరికి ఆయన భూతద్దం పట్టుకుని సీసాకు ముక్కు ఆనించి ఉన్నాడు. మాట్లాడొద్దని చెయ్యి ఊపాడు. ఆమె కూడా వంగి చూసింది. సాలీడు కొత్త ఉండ కడుతోంది. గుడ్లు పెట్టి చుట్టూ పొర అల్లేసింది. ఇప్పుడు వెనక కాళ్లతో పోగు లాగి, ఒక్కచోట మళ్లీ మళ్లీ అద్ది, చిన్న ముల్లు నిలబెట్టి, కొద్దిగా జరిగి ఇంకొకటి మొదలుపెడుతోంది. ఒక్క ముల్లు కూడా వంకర పోవడం లేదు. చల్లారిన టీని ఎవరూ పట్టించుకోలేదు.

"చూసినవా," అన్నాడు చివరికి. "మనం రంగు అంటొద్దని నూలుకు ముడి కట్టినట్టే కడుతున్నది. కొలుచుకోను ఏమున్నది దానికి? కాలే కొలత."

"బ్రౌన్ విడో అంటరంట మామయ్యా. విడో అంటే మొగుడు పోయినామె. ఒక్కోసారి మొగదాన్ని తినేస్తదంట."

"గదేం పేరు? దాని పని చూసి పెట్టాలె పేరు. ఉమ్మెత్త సాలీడు అందాం."

ఆ ఉండ పగిలితే వందల పిల్లలొస్తాయని సింధూర ఫోన్‌లో హెచ్చరించింది. సీసాను తన దగ్గరికి పంపమంది. పంపడమెందుకు, నేనే తెస్తానన్నాడు కోదండం. రజిత తోడు వెళ్లింది. బస్సులో ఒళ్లో సీసా పెట్టుకున్న ఆయన్ను పక్క సీటావిడ "పచ్చడేంది పెద్దాయనా?" అని అడిగింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ తర్వాత దిగేదాకా వాళ్లిద్దరికీ సీటు విశాలంగా దొరికింది.

సింధూర సాలీడును కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి, మత్తుగా ఉండగా గాజు పళ్లెంలో వెల్లకిలా పెట్టి మైక్రోస్కోపు కింద చూపించింది. పొట్ట కొసన బుడిపెలు, వాటి మీద వెంట్రుకల్లాంటి గొట్టాలు. కుంచెతో తాకితే ఒక్కో గొట్టం నుంచి ఒక్కో పోగు వచ్చి, అన్నీ కలిసి ఒక దారమయ్యాయి.

"ఒకటే దారం అనుకున్న గదా," అన్నాడు కోదండం, అద్దం మీద నుంచి కన్ను తీయకుండా.

"కాదు తాతయ్యా. పనిని బట్టి వేరే వేరే దారాలు తీస్తుంది. వేలాడడానికి ఒకటి, గుడ్లకు ఒకటి, పురుగుల్ని అంటించడానికి జిగురు రాసింది ఇంకొకటి."

"జిగురు ఏడ రాస్తది? ముందా, తర్వాతనా?"

సింధూర ఒక కుర్చీ లాగి ఆయన పక్కన కూర్చుంది. రజిత ఇంకో కుర్చీ అందుకుని, ముందు దాన్ని తిరగేసి అడుగు చూసి, తర్వాతే కూర్చుంది.