తానిచెట్టు తొఱ్ఱలోని ఇల్లాలు

ఇప్పపూలు రాలుట ముగిసి కొండవాలులయందలి టేకుచెట్లు మోడులై నిలువగా, ఏటినీరు సన్నగిల్లి బండల సందున పాయలు పాయలుగ ప్రవహింపగా, ప్రచండ మార్తాండ కిరణ సంతప్తమైన యరణ్యమున కీచురాళ్ల రొద తప్ప వేఱొక సద్దు వినరాకుండగా గ్రీష్మము గుమ్మడిదుర్గ సంస్థానమును ముట్టడించి కూర్చుండెను. కోటలోని బావులు సైత మడుగంటెను. అంతఃపురపు మేడ నానుకొని యున్న వృద్ధమైన తానిచెట్టొకటి మాత్రము నవపల్లవ సంఛన్నమై చల్లగ నుండెను.

ఆ చెట్టు నడిమి తొఱ్ఱలో కొమ్ముపిట్టల జంటయొకటి కాపురము పెట్టెను. నెత్తిపై కొమ్మువంటి యెత్తును జానెడు వంకరముక్కును గల యీ పక్షుల నడవడి వినినవారికి నమ్మశక్యము గానిది. ఆడుది గ్రుడ్లు పెట్టుటకై తొఱ్ఱ సొచ్చిన పిమ్మట దాని ద్వారము మట్టితో మూతపడి పండొకటి దూఱునంత చీలిక మాత్రము మిగులును. నెలల తరబడి ఆ గృహిణి ఆ చీకటిలోనే యుండును. మగపక్షి దినమంతయు నడవి తిరిగి మేడిపండ్లను జువ్విపండ్లను గొంతునిండ నింపుకొని వచ్చి, ఒక్కొక్క పండునే ముక్కుకొనకు దెచ్చుకొని చీలికలోనుండి యందించును. గ్రుడ్లు పిల్లలై పిల్లలు నోళ్లు తెఱచు నాటికి ఆ బడుగుజీవి చిక్కి సగమగును. చూచి మెచ్చుకొనువారికేమి, మెచ్చుకొందురు.

మెచ్చుకొన్నవారిలో మొదటివారు ఆ సంస్థానాధీశ్వరులైన రాజా నీలాద్రి దేవు బహద్దరువారు. వేటలో గుఱి తప్పని చేయియు, అన్నమాట వెనుకకు దీసికొనని పట్టుదలయు తమ రక్తములోనే యున్నవని యేబదియేండ్లు పైబడిన ఆ ప్రభువు నమ్మకము. ఆయన రాణి సుభద్రాయమ్మ పెండ్లియై కోటగడప త్రొక్కిన నాటినుండి మరల దానిని దాటి యెఱుగదు. ఘోషా ఆ వంశాచారము. తల్లిలేని తన్ను ఒడిలో పెట్టుకొని పెంచిన యక్క సముద్రతీరమున నొక గ్రామమున రాచపుండు లేచి మంచము పట్టెననియు, కన్నుమూయు లోపల చెల్లెలిని చూడవలెనని కలవరించుచున్నదనియు రాణికి కబురు వచ్చెను. ఆమె మగని పాదములు పట్టుకొని యడిగెను. దొరవారు వినిపించుకొనలేదు. మరల నడిగెను. మరల వినిపించుకొనలేదు. చెవిటివారు గారు పాపము, అక్కఱలేని మాట చెవి కెక్కనిచ్చుట వారి కలవాటు లేదంతే.

ఒకనాటి యుదయమున రాజుగారు మేడమీద కూర్చుండి మగపక్షి పండ్లందించు వేడుక చూచుచుండిరి. దివానుగిరీతోపాటు రాజకుమార్తెకు చదువు చెప్పు భారము గూడ వహించిన సోమనాథావధానులుగారు చెంత నిలిచిరి. ఎనిమిదేండ్ల రాజకుమార్తె రత్నాయమ్మ పలక యొడిలో పెట్టుకొని గురువుగారి ముఖమే చూచుచుండెను. గుమ్మపు తెర వెనుక రాణియు దాసి పోలమ్మయు నుండిరి. దొరవారి మనసు కనిపెట్టి దానికి తగిన శాస్త్రము తీయుటలో అవధానులుగారిని మించినవారా సంస్థానమున లేరు.

"చిత్తగించండి ప్రభూ" అని ఆయన మొదలుపెట్టెను. "ఆ మగపక్షి ఇల్లాలిని లోపల కూర్చోబెట్టి తానే మట్టి మెత్తి గోడ కట్టింది. ఆవిడ గడప దాటదు, పరాయివాడు అందించినది ముట్టదు. మగడు రాకపోతే ప్రాణమైనా విడుస్తుంది గాని గోడ పగలగొట్టదు. పిట్టకే ఇంత ధర్మం తెలిసినప్పుడు మనుషులకు వేరే చెప్పాలా? అమ్మాయిగారూ, ఈ మాట పలకమీద రాసుకోండి."

రత్నాయమ్మ వ్రాసికొనెను.

తెర వెనుక రాణికి ఒళ్లు మండెను. ఏండ్ల తరబడి ఆమెకు లోకమనగా తానిచెట్టు వైపునకు తెఱచిన తన గది కిటికీయే. ఆ తొఱ్ఱ మూతపడుట మొదటినుండి తుదివఱకు ఆమె కన్నులార చూచినది. అవధానులుగారు చూచినవారు గారు.

"గోడ కట్టింది మగడు కాదు" అని ఆమె తెరచాటునుండి మెల్లగ బలికెను. "అతడు మట్టిపెళ్లలు తెచ్చి ఇచ్చాడంతే. వాటిని తన రెట్టతో కలిపి లోపలినుంచి మెత్తుకున్నది ఆవిడే. తాను కట్టుకున్న గోడ తాను తీసుకోలేదా? అవసరం పడితే వస్తుంది."

మాట నోరు జారినది. రాజుగారి కనుబొమలు ముడివడెను. తెరవెనుకనుండి యొక స్త్రీ, అందును తమ రాణి, దివానుగారి మాటను కాదనుట ఆ మేడ పుట్టిన పిమ్మట నెన్నడును జరుగలేదు.

"అలాగా? అయితే చూద్దాం" అని రాజుగారు తుపాకి యందుకొనిరి. "మగపక్షిని ఇప్పుడే కొడతాను. నువ్వన్నట్టు ఆడది గోడ తీసుకొని బయటికి వచ్చిందా, మీ అక్క ఊరికి నీకు పల్లకి కట్టిస్తాను. రాకుండా లోపలే చచ్చిందా, ఈ కోటలో నీ పుట్టింటి పేరు మళ్లీ వినబడకూడదు."

"వద్దండీ. ఏదో పొరబాటున అన్నాను. ఆ మూగజీవిని వదిలిపెట్టండి."

"పొరబాటున అన్నావో తెలిసి అన్నావో ఆ పిట్టే చెబుతుంది."

తుపాకి ప్రేలెను. మగపక్షి కొమ్మలగుండ దొర్లి మేడ గచ్చుపై బడెను. దాని గొంతులోని జువ్విపండ్లు చెదరి నలుదెసల దొర్లగా నొకటి రత్నాయమ్మ పలకకు తగిలి యాగెను. తొఱ్ఱ చీలికలోనుండి ఆడుపక్షి ముక్కు మాత్రము మఱి యొక పండుకొఱకు వెలికి చాపబడియే యుండెను.

ఆ ముక్కు సాయంకాలమువఱకు నట్లే యుండెను. మఱునాడు పిలుపులు మొదలయ్యెను. తల్లి పిలుచును, పిల్లలు కీచుమనును, అడవి బదులు పలుకదు. రాజుగారును అవధానులుగారును ప్రతియుదయమును వచ్చి గోడ చెక్కుచెదరకుండుట చూచి తలలూపుచుండిరి. అవధానులుగారు ఆ పక్షిని పతివ్రతయని పొగడి యొక శ్లోకము కట్టిరి. రత్నాయమ్మ దానిని కంఠస్థము చేసి తల్లికి వినిపించెను. ఎంత చక్కగ చదివినదో చెప్పనలవి గాదు. అక్షరమొకటి తప్పలేదు.

ఒకనాటి మధ్యాహ్నమున పోలమ్మ యుండబట్టలేక పండ్లబుట్ట దెచ్చి రాణి ముందు పెట్టెను.

"అమ్మగారూ, కిటికీలోంచి ఎదురుబొంగు కర్ర సాపితే ఆ సందు అందుద్ది. కర్ర కొసకి పండు గుచ్చి లోన పెట్టేత్తాను. ఎవరూ సూడరు. పిల్లలు సచ్చిపోతన్నాయమ్మా."

రాణి చేయి బుట్టమీదికి బోయి నిలిచెను. పండు పెట్టినచో పక్షి లోపలనే యుండును. పక్షి లోపల నున్నంతకాలము తన యక్క ముఖము తనకు గానరాదు. పెట్టనిచో ఆకలి దానిని వెలికి తఱుమును. రాజుగారి తుపాకి యొక ప్రాణమునే తీసినది, తక్కినవానిని తీయు పని తన చేతికి వచ్చినదని ఆమెకు స్పష్టముగ దెలిసెను. ఆమె క్రూరురాలు గాదు. పుట్టి బుద్ధి యెఱిగిన పిదప చీమను గూడ కావాలని త్రొక్కలేదు. అయినను బుట్టను మంచము క్రిందికి త్రోసెను.

"వద్దు పోలీ. ఆకలేస్తే అదే వస్తుంది. రానీ."

"పాపం కదమ్మా?"

"పాపమే. నాకు తెలియదనుకున్నావా? మా అక్క అక్కడ నాకోసం ప్రాణం ఉగ్గబట్టుకొని ఉంది. నేనేం చెయ్యను?"

రాణి కడుపార నేడ్చెను, ఏడ్చుచునే కిటికీ విడువక యెదురుచూచెను. చెవులు మూసికొన్నను పిల్లల యఱపులు వినబడుచుండెను. కొన్నాళ్లకు ఆ గొంతులలో నొకటి తగ్గెను. తగ్గిన గొంతు లేమితో మిగిలినవి మఱింత స్పష్టముగ వినబడుట ఆమెకు దుర్భరమయ్యెను. త్వరగ రమ్మని ఆమె ఆ పక్షిని మనసులో బ్రతిమాలుకొనెను, వెంటనే దానిని తిట్టెను, తన్ను దాను తిట్టుకొనెను.

కడపట నొక యుదయమున తొఱ్ఱనుండి టకటక శబ్దము వినవచ్చెను. గట్టిపడి రాయియైన ఆ గోడను పక్షి లోపలినుండి ముక్కుతో పొడుచుచుండెను. పెళ్ల యొకటి రాలెను, మఱొకటి రాలెను. రాణి గుండె సంతోషముతో కొట్టుకొనెను, ఆ సంతోషమునకు సిగ్గుపడుటకు గూడ నామెకు తీఱిక లేకపోయెను. కబురు విని రాజుగారు, దివానుగారు, రత్నాయమ్మ, వేటకుక్కలను గొలుసులతో పట్టుకొన్న బంట్లు చెట్టు క్రింద చేరిరి. పక్షి కొమ్మును, మెడను, పిదప చిక్కిన దేహమును వెలికి లాగికొని ద్వారపు టంచున నిలిచి, ఒక్క క్షణము వెలుతురునకు కన్నులు చికిలించి, యెగురుటకై దుమికెను.

అది యెగురలేదు. నిట్టనిలువున నేల గూలెను. గ్రుడ్లపై గూర్చున్న దినములలో నీ పక్షి రెక్కలలోని పెద్ద యీకల నన్నింటిని రాల్చుకొనును, క్రొత్తవి మొలచువఱకు దానికి పాకుట తప్ప గతి లేదు. గోడ తీయుటకు దానికి బలముండెను గాని తీసి పోవుటకు రెక్కలు లేవు. ఏండ్ల తరబడి కిటికీలోనుండి చూచిన రాణియు గోడ వెలుపలి సంగతులనే చూచెను, లోపల రాలిన యీకల నెఱుగదు.

మొండి రెక్కలు కొట్టుకొనుచు పక్షి దుమ్ములో ప్రాకసాగెను. బంట్లు కుక్కల గొలుసులు బిగబట్టి దొర ముఖము చూచిరి. దొర యేమియు ననలేదు. వారికి ఆ యనకపోవుటయే చాలెను. కుక్కలు తమ పని ముగించువఱకు రత్నాయమ్మ కన్ను మూయలేదు. అవధానులుగారు ఆమె భుజముపై చేయి వైచి మెల్లగ నేమో చెప్పుచుండిరి.

రాజుగారు కిటికీ వంక తల యెత్తి, "గెలిచావు. మా మాట మాకు తప్పదు. రేపు ఉదయం పల్లకి వస్తుంది" అనిరి.

అట్లే వచ్చెను. ప్రయాణమునకు సిద్ధమైన రాణి కూతురి చేయి పట్టుకొనగా రాజుగారు చిఱునవ్వుతో, "మేం పంపుతానన్నది నిన్ను. అమ్మాయి సంగతి అమ్మాయినే అడుగు, వస్తానంటే తీసుకుపో" అనిరి. అడుగుమన్నప్పుడే ఆయనకు సమాధానము దెలియును.

"రా తల్లీ. పెద్దమ్మను చూసి వద్దాం. నిన్ను చూస్తే ఎంత సంబరపడుతుందో."

రత్నాయమ్మ చేయి విడిపించుకొనెను. "నేను రాను. నువ్వు కూడా గడప దాటకూడదమ్మా. ఆ పిట్ట దాటింది, కుక్కలు తినేశాయి."

"నన్ను ఏ కుక్కలూ తినవు నాన్నా. నాలుగు రోజుల్లో వచ్చేస్తాను."

"దాటినవాళ్లు మళ్లీ లోపలికి రాకూడదట. గురువుగారు చెప్పారు. వస్తే నేనే తలుపు తియ్యను."

రాణి కాలొకటి అక్క కొఱకు గడప వెలుపల పెట్టెను, బిడ్డ కొఱకు రెండవది లోపల నుంచెను. అట్లెంతసేపు నిలిచినదో ఆమెకే తెలియదు. బోయీలు పల్లకి యెత్తుటకు సిద్ధమై పిలిచిరి. ఎట్టకేలకు రెండవ కాలు వెలుపలికి దీసికొనెను. వెనుక తలుపు మూతపడెను. గడియ యందక రత్నాయమ్మ పీట లాగికొని వచ్చి యెక్కుచున్న చప్పుడును, ఆపై గడియ పడిన చప్పుడును ఆమె వినెను.

పల్లకి తానిచెట్టు క్రిందుగ సాగెను. పక్కన నడుచుచున్న పోలమ్మ తల యెత్తి చూచి నిలిచిపోయెను.

"ఏమిటే?" అని రాణి లోపలినుండి యడిగెను.

"పిల్లలమ్మా. రెండు బతికే ఉన్నాయి. తల్లి పగలగొట్టిన కంతని అయ్యే పూడ్సుకుంటన్నాయి."

రాణి తెర తొలగించి చూచెను. ఆ జాతి పిల్లల కది పుట్టుకతో వచ్చిన విద్య, ఒకరు నేర్పనక్కఱలేదు. ఒంటినిండ నీకలైనను మొలవని ఆ రెండు పసికూనలు ద్వారపు టంచున మిగిలిన మట్టిపొడిని తమ రెట్టతో గలిపి, వణకు ముక్కులతో అద్దుచు, లోపలినుండి గోడ కట్టుకొనుచుండెను. పని చాలవఱకు ముగిసెను. పండొకటి దూఱునంత చీలిక మిగిల్చుకొని, అవి దానిలో ముక్కులు చాపి నోళ్లు తెఱచుకొని యుండెను.