పండుటాకులు తుంచిన చెయ్యి

మొక్కల పరిశోధన కేంద్రంలోని అద్దాల గదిలో కుండీలకు నీళ్లు పోసే మనిషిని వెనకాల అందరూ కాకరకాయ అనేవారు. ముఖం మీద అనే ధైర్యం ఎవరికీ లేదు. పెళ్లాం పోయాక అతని నోట మంచిమాట విన్నవాళ్లు లేరు.

ఆ పరిశోధన కేంద్రంలో అతని సొంతమన్నది ఒక్క మిరపమొక్క. భార్య ఏటా పెరట్లో వేసుకున్న రకం అది, ఇంకెక్కడా లేదు. ఆవిడ పాత చీరపేలికలో కట్టి దాచిన గింజలు చాలావరకు పుచ్చిపోయాయి. మిగిలినవన్నీ నాటితే ఒక్కటి మొలిచింది. దాన్ని మూల బల్ల మీద పెట్టుకున్నాడు. వచ్చిన పూతంతా రాలిపోయి చివరికి కొసన ఒకే ఒక కాయ నిలిచింది. అది పండితే విత్తనం మిగులుతుంది. పండకపోతే ఆవిడ చేతి పంట అంతటితో సరి.

సరిగ్గా అప్పుడే నీళ్లకు కటకట వచ్చింది. కుండీకి గ్లాసుడు మించి పొయ్యొద్దని పై ఆఫీసరు చెప్పాడు. అతను తను తాగే సీసాలో సగం మిరపకు వంచేవాడు. అయినా అడుగాకులు పసుపెక్కాయి.

ఒకప్పుడు పూలమొక్కల అంగడిలో పనిచేసిన అలవాటు చేతుల్లో ఉంది. అక్కడ పొద్దున్నే పండుటాకులు తుంచాలి, అవి కనిపిస్తే మొక్క అమ్ముడుపోదు. పైగా ఇప్పుడు ఇంకో ఆలోచన తోచింది. చచ్చే ఆకులు తాగే నీళ్లేవో కాయే తాగుతుంది కదా! కింద నుంచి ఒక్కొక్కటే తుంచి చెత్తబుట్టలో పడేశాడు. ఆపైన పసుపెక్కినవాటినీ వదల్లేదు.

కాయ ముడుచుకుపోయింది. తొడిమ వదులైంది. ఓ పొద్దున వచ్చేసరికి మట్టి మీద పడి ఉంది.

అతని మరదలు, భార్యకు చెల్లెలు, అదే కేంద్రంలో ఆకులు నూరి పరీక్షలు చేసేది. తల్లి లేని ఆ పిల్లను అక్కే పెంచింది. ఇళ్లలో అంట్లు తోమి చదివించింది. పళ్లెంలో ఉన్నది చెల్లెలి వైపు తోసి, తను మంచినీళ్లు తాగి లేచేది. ఆ సంగతి అతను మరవలేదు, మరదలిని మరవనివ్వలేదు.

ఆమె వచ్చి కాయను బ్లేడుతో చీల్చింది. లోపల గింజలు తెల్లగా, పొట్టులా ఉన్నాయి.

"కింది ఆకులేవి బావా?"

"తుంచేశా. చచ్చినవాటితో పనేంటి?"

"అవి చావలేదు. మేత పంపుతున్నాయి."

"ఎవరికి, మీ ఆఫీసరుకా?"

"కాయకి! మొక్కకి కష్టమొస్తే ముసలాకు తనలో ఉన్న సత్తువంతా విప్పేస్తుంది. అందులోంచి నత్రజని అమోనియాగా బయటపడుతుంది. అది విషం. ఓ ఎంజైము దాన్ని అక్కడికక్కడే పట్టి, మేతగా మార్చి కొసకి పంపిస్తుంది. పసుపెక్కడమంటే మూటలు కట్టి పంపుతున్నట్టే. పనయ్యాక ఆకు దానంతటదే రాలుతుంది."

"అబ్బో! ముందే చెబితే నోటి ముత్యాలు రాలేవా?"

"ఈ బల్ల దగ్గరికి నన్ను రానిచ్చావా? నీ నీడ పడితే ఇది కూడా పోతుందన్నావు."

అన్నాడు. నలుగురిలోనే అన్నాడు.

చీల్చిన కాయను అటూ ఇటూ తిప్పి అడిగాడు. "ఆ ఎంజైము లేకపోతే?"

"విషం లోపలే ఉండిపోతుంది. ఆకు ఉన్నచోటే మాడిపోతుంది. ఎవరికీ అక్కరకు రాదు."

"నా ముఖం చూస్తూ చెప్పకు."

ఆమె కళ్లు తుడుచుకుంది. "అక్క గింజలు ఒక్కటైనా విడిగా దాచలేదా బావా?"

"మీ అక్క దగ్గర ఏం మిగిలిందని? అంతా నువ్వే తింటివి."

"తిన్నాను. పెట్టింది, తిన్నాను. అందుకే బతికున్నాను. ఇంకేం చెయ్యమంటావు నన్ను?"

అతను బల్ల మీది మట్టి తుడవసాగాడు.

"ఇంటికి రా. ఓ ముద్ద తిందువుగాని."

"నీ ముద్ద నాకొద్దు."

ఆమె వెళ్లాక చెత్తబుట్ట కిందికి వంచాడు. అడుగున ఉన్నవి పొడి అయ్యాయి. పైన ఉన్నవాటికి ఈనె పొడవునా ఆకుపచ్చ ఇంకా ఉంది, బయల్దేరి దారిలోనే ఆగిపోయిన సరుకులా. వాటిని మిరప మొదట్లో పరిచాడు. అప్పటికే కొస వాలిపోయింది.

మర్నాడు సీసాలో నీళ్లన్నీ తనే తాగాడు. వేడిగా ఉన్నాయి.