బెల్లం మెడతాడు

మా కుక్క పేరు బెల్లం. రంగూ అదే, గుణమూ అదే. ఎండలో పడుకుంటే చీమలు పడతాయని నా భార్య విశ్వాసమ్మ దాని మంచం కోళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టేది. కుక్కకు మంచమేంటని అడగొద్దు. నాకు చాప, దానికి మంచం. మా ఇంట్లో పద్ధతి అది.

పోయిన ఏడాది మా చేని మీదికి ఒకే ఒక్క మబ్బు వచ్చింది. బెల్లం దాన్ని చూసి మొరిగింది. మబ్బు దడుచుకుని కమలాపురం దాకా పరుగెత్తి అక్కడ కురిసింది. పంట కమలాపురం వాళ్ళు తిన్నారు, తిట్లు నేను తిన్నాను. మాది బద్వేలు దాటాక కొండ కింద ఒక చిన్న ఊరు. ఊరికి మాదే చివరి ఇల్లు. ఇల్లు దాటితే నా రెండెకరాల చేను, చేను దాటితే కొండ.

రెండేళ్ళ కిందట డోన్‌లో లారీలకు రాయి ఎత్తే పనికి పోయినప్పుడు మొదటిసారి కుక్కల పందెం చూశాను. చదును చేసిన నేలకు ఒక చివర మోటారు సైకిల్‌ను తలకిందులుగా నిలబెడతారు. వెనక చక్రానికి పొడుగాటి తాడు, తాడు కొసకు గుడ్డల మూట. చక్రం తిరిగితే మూట పరుగెత్తుతుంది, దాన్ని కుందేలనుకుని కుక్కలు పరుగెత్తుతాయి. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు. వాటిలో ఒకటి ఎంత వేగంగా పోయిందంటే, దాని నీడ సగం దూరంలో అలిసిపోయి కూర్చుంది. నేను కళ్ళారా చూశాను. ఆ పూట నుంచి నాకు అన్నం సయించలేదు. అలాంటి కుక్క నా చేతిలో ఒకటి ఉండాలి, దాని పేరుతో పాటు ఏసేపు అనే నా పేరు కూడా మైకులో చదవాలి.

మరుసటి ఏడాది బెల్లాన్నే తీసుకుపోయాను. గీత మీద నిలబెట్టాను. ఈల వేశారు. మిగతావి దూసుకుపోయాయి. బెల్లం మెల్లగా వెనక్కి తిరిగి, ఈల వేసిన పెద్దమనిషి దగ్గరికి నడిచి ఆయన పాదాల మీద పడుకుంది.

ఆయనే నరసన్న. పందెం కుక్కల పెంపకంలో డోన్ చుట్టుపక్కల ఆయనంతటి వాడు లేడు.

“ఏమప్పా, పందేనికి తెచ్చినావా, ప్రార్థనకు తెచ్చినావా?” అన్నాడు.

“రెండిటికీ పనికొస్తాదన్నా. ఓడిపోయినోళ్ళకు ఓదార్పు చెప్తాది.”

నరసన్న కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుతోనే మాకు స్నేహం కలిసింది. ఈ ఏడాది ఆయనే ఫోన్ చేశాడు.

“నా కాడ పది నెలల ఆడకుక్క ఉండాది. నీకిస్తా, పెంచుకో. గెలిస్తే పేరు ఇద్దరిదీ. ఒకటే మాట. ఇంట్లో ఇంకో కుక్క ఉండకూడదు.”

“బెల్లం ఏమీ అనదన్నా.”

“బెల్లం అనదు, నాది అంటాది. నా కుక్కలు రెండో కుక్కను బతకనియ్యవు. ఒకవేళ బతకనిచ్చినా, దాన్ని చూసి కూర్చోవడం నేర్చుకుంటాయి. ఆదివారం కమలాపురం పందేలకు వస్తాండా, అట్లే మీ ఊరికొస్తా. నీ కుక్క కనపడితే నాది బండి దిగదు.”

ఆదివారానికి ఆరు రోజులున్నాయి.

అదే వారం, మంగళవారం నాడు, మహానంది అనే కాపరి గొర్రెల మంద మా చేలో దిగింది. కోత అయిపోయిన చేలో మందను నాలుగైదు రోజులు పడుకోబెడితే పెంటికలే ఎరువు. అందుకని ఏటా ఎవరో ఒకరి మందను పిలుస్తాం. ఈసారి వచ్చినవాడు కొత్తవాడు. మెత్తటి మనిషి. మా వాకిట్లో నీళ్ళు తాగుతూ బెల్లం తల నిమిరాడు.

“ఈ కుక్క దేనికి పనికొస్తాదప్పా?”

“దేనికీ పనికిరాదు,” అని నేను నవ్వాను. “తింటాది, పండుకుంటాది. లేచినాక అలిసిపోయి మళ్ళా పండుకుంటాది.”

“అట్లైతే నాకియ్యి. మందలో ఉంటాది. పాలకు కరువుండదు.”

నా నెత్తిన పాలు పోసినట్టయింది. దేవుడే పంపాడనుకున్నాను. ఇంటికి పందెం కుక్క వస్తోందని చెప్పి, శుక్రవారం సాయంత్రం బెల్లాన్ని తెచ్చిస్తానని మాటిచ్చాను. మహానంది గడప దాకా పోయి తిరిగి చూశాడు.

“మెడలో తాడు ఇప్పొద్దప్పా. తాడుతో సహా ఇయ్యి.”

ఆ మాట చెప్పగానే విశ్వాసమ్మ చేట కింద పెట్టింది.

“తాడేంటికంట?”

మా పక్క ఎద్దును అమ్మినా, బర్రెను అమ్మినా, మెడలో పలుపు ఇప్పుకుని ఇంటికి తెచ్చుకుంటాం. కొన్నవాడు తన తాడు తానే తెచ్చుకోవాలి. పశువుతో పాటు పలుపు కూడా పోతే ఇంటి కలిమి దాని వెంట పోతుందని మాట. అడిగేవాడూ ఉండడు, ఇచ్చేవాడూ ఉండడు.

“కుక్క ఏమన్నా ఎద్దా, దానికి పలుపు పట్టింపేంది?”

“ఎద్దు కాదులే. పుట్టినప్పటి నుంచి గొర్రెల్లో తిరిగేటోడికి తాళ్ళు లేవా? నా పాత చీర చింపి పేనిన తాడు, దాంతో ఏం పని వానికి?”

“పాస్టరయ్య కన్నా ఎక్కువ ప్రశ్నలేస్తాండావే నువ్వు.”

“ఇస్తే ఇచ్చుకో. మా ఆడమనిషిని అడిగే ఇచ్చినానని మాత్రం ఊర్లో చెప్పొద్దు.”

ఆ మూడు రోజులూ బెల్లానికి ఆమె రెండు ముద్దలు ఎక్కువ పెట్టింది. నాకు రెండు ముద్దలు తగ్గించింది.

శుక్రవారం పొద్దు వాలుతుండగా బెల్లాన్ని తీసుకుని చేలోకి పోయాను. మంద చుట్టూ వల కట్టి ఉంది. లోపల, సరిగ్గా గొర్రెల నడుమ, రెండు పెద్ద కుక్కలు పడుకుని ఉన్నాయి. మెడలకు ఇనుప ముళ్ళ పట్టీలు. బెల్లాన్ని చూసి అవి మొరగలేదు. వాసన చూడటానికైనా లేవలేదు. ఒకసారి తలెత్తి చూసి, తలలు కాళ్ళ మధ్య పెట్టుకున్నాయి. చావింటికి పోతే తెలిసినవాళ్ళు అలాగే మొహం తిప్పుకుంటారు.

నేను కూర్చునేలోపే మహానంది మనిషి ఒకడు నా చేతిలోంచి తాడు అందుకుని బెల్లాన్ని మంద అవతలి వైపుకు, కొండ పక్కకు నడిపించాడు. బెల్లం తోక ఊపుతూ పోయింది. అది ఎవరు పిలిచినా పోతుంది.

మహానంది టీ ఇచ్చాడు. గ్లాసు అందుకుంటూ చూశాను. మూటలు తగిలించిన కర్రకు తాళ్ళు వేలాడుతున్నాయి. ఒకదానికి ఇత్తడి మువ్వ. ఒకటి నీలం నైలాను తాడు, దానికి ఆడపిల్ల జడరిబ్బను ముడి. ఇంకొకటి మనుషుల నడుం బెల్టు, మేకుతో కొత్త బెజ్జం పొడిచారు. అన్నీ మూరెడు ముక్కలు. అన్నిటి కొసలూ పీచు పీచుగా ఉన్నాయి.

“ఈ కుక్కలన్నీ యాడ మహానందీ?”

“పనికొచ్చినాయి,” అన్నాడు.

నేను నవ్వబోయాను. ఆయన నవ్వలేదు. దాపరికమూ లేదు. వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

“కొండ కింద మంద పెట్టినామంటే చిరుత వస్తాదప్పా. అదేమన్నా పిచ్చిదా, అంచున చేతికందేదాన్ని వదిలిపెట్టి లోపలికొచ్చి కర్రదెబ్బలు తినేకి? అంచున ఒకటి కట్టేస్తే, దాన్ని తీసుకుని పోతాది. నాలుగు దినాలు మంద జోలికి రాదు. మొన్న ఆ నీలం తాడుది పోయింది.”

“పెద్ద కుక్కలుండాయి కదా నీకు.”

“అవి పనిచేసే కుక్కలు. నువ్వే చెప్తివి కదా, నీది దేనికీ పనికిరాదని.”

“తాడు?” అన్నాను.

“కొత్త తాడు కడితే కొరికి తెంపుకుంటాదప్పా, అరుస్తాది, పెనుగులాడతాది. ఇంటి తాడైతే నిమ్మళంగా కూర్చుంటాది. ఇంటోళ్ళ వాసన కదా. ఎవురో ఒకరు వచ్చి ఇప్పుతారని చూస్తా ఉంటాది.”

గ్లాసు కింద పెట్టి వల చుట్టూ నడిచాను. అవతల నేలలో గుంజ, గుంజ చుట్టూ గడ్డి లేకుండా గుండ్రంగా అరిగిన మట్టి. ఆ మట్టి మధ్యలో బెల్లం కూర్చుని ఉంది. కొండకు వీపు, నా వైపు మొహం. నేను కనపడగానే లేవలేదు, తోక మాత్రం మట్టి మీద రెండుసార్లు కొట్టింది. చెప్పినట్టు కూర్చున్నాను చూడు అన్నట్టు.

వంగి గుంజకున్న ముడి ఇప్పసాగాను. వెనక మహానంది వచ్చి నిలబడ్డాడు.

“మాటిచ్చినావు.”

“ఇచ్చినా. ఎనక్కి తీసుకుంటాండా. ఊరంతా చెప్పుకో.”

“పందెం కుక్క వద్దా?”

“ఎవరింట్లోనో ఒకరింట్లో పరిగెత్తనీ దాన్ని.”

ఆయన అడ్డుపడలేదు. కోపం కూడా పడలేదు. కొండ వైపు చూసి, పొద్దు వైపు చూసి, నిట్టూర్చాడు.

“ఈ పొద్దుకు నాకు ఇంకో కుక్క దొరకదప్పా. నేను మందను ఊరి అవతలికి తోలుకుంటా. చిరుత మాత్రం వస్తాది, ఈ గుంజకు వాడిక పడింది. వచ్చి గుంజ కాడ చూస్తాది. ఈడ ఏమీ లేకపోతే, ఇంకో నాలుగడుగులు ముందుకేస్తాది. అంచున ఏముండాదో నువ్వే చూసుకో.”

చూశాను. గుంజ దగ్గర నిలబడి ఊరి వైపు చూస్తే మొదట కనపడేది మా ఇల్లే.

ఇంటికి వచ్చేసరికి విశ్వాసమ్మ వాకిట్లో ఉంది. కుక్కను చూసింది, మెడలో తాడు చూసింది.

“తెచ్చినావా?”

“తెచ్చినా.”

జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క కలపలేదు. ఆమెకు భయం వేసింది అందుకే అనుకుంటాను. మేము మాట్లాడుతుండగానే మంద మా ఇంటి పక్కనుంచి పోయింది. మూడు వందల గొర్రెలు, దుమ్ము, గంటల చప్పుడు. తోలేవాళ్ళు ఒక్కరూ మా వాకిలి వైపు చూడలేదు.

నరసన్నకు ఫోన్ చేశాను.

“కుక్కను తేవద్దన్నా.”

“నీది ఇంట్లోనే ఉండాదా?”

“ఉండాది. ఉంటాది.”

“సరేలేప్పా. కమలాపురంలో ఒకాయన అడుగుతాండాడు, ఆయనకిస్తా. మళ్ళా నన్ను అడగొద్దు,” అని పెట్టేశాడు.

మాకున్న రెండు మేకలనూ ఇంట్లోకి తోలుకున్నాం. గంటల చప్పుడు ఊరి అవతల సన్నగా వినపడుతూ ఉండి, ఆగిపోయింది. విశ్వాసమ్మ రోలు దొర్లించుకొస్తుంటే నేను సాయం పట్టాను. బెల్లం అలవాటుగా గడప దాటబోయింది. ఒక కాలు బయట పెట్టి ఆగింది. చేను వైపు చూసింది. ఆ పెట్టిన కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, తిరగకుండానే వెనక్కి వెనక్కి నడిచి, దాని వీపు నా మోకాలికి తగిలాక నిలబడింది.

తలుపు వేసి గడియ పెట్టాను. గడియ పాతది, మూడు మేకుల్లో ఒకటి లేదు. రోలు అడ్డం పెట్టాం. కూర్చుని బెల్లం మెడ మీద చెయ్యి వేశాను. అది మొరగలేదు. నోరు కూడా తెరవలేదు. గొంతు మాత్రం నా చేతి కింద మిషను లాగా అదురుతోంది.

“ఏమన్నా వినపడతాండాదా?” అంది విశ్వాసమ్మ.

“లేదు.”

బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. తలుపు కింది సందులోంచి సన్నటి వెలుతురు గీత లోపలికి పడుతోంది. ముగ్గురమూ దాన్నే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి ఆ గీత మధ్యలో రెండు చోట్ల తెగింది.