తీసేసిన ముక్కలు

అక్క పోయిన ఏడో వారంలో హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమనడం మొదలుపెట్టింది. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె అది. కంప్యూటరుకు తగిలిస్తే లోపల ఎవరో గోటితో బల్ల మీద కొడుతున్నట్టు చప్పుడు వచ్చేది. కాసేపు ఆగి మళ్ళీ అదే చప్పుడు. మొదటిరోజు నాలుగుసార్లు తీసి పెట్టాను. రెండోరోజు ఎన్నిసార్లో గుర్తులేదు.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెళ్ళి మాట ఇద్దరమూ వేరువేరు కారణాలతో దాటేశాం. అక్క ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసింది. గొంతు గంటలాగా ఉండేది. రిటైరయ్యాక చూపులేని పిల్లల బడివాళ్ళు పాఠాలు చదివి పంపమంటే ఒప్పుకుంది. వంటింటి పక్కగదిలో కిటికీకి దుప్పటి కట్టి, మైకు ముందు కూర్చుని చదివేది. నేను రికార్డు చేసి, తర్వాత శుభ్రం చేసేదాన్ని.

శుభ్రం చెయ్యడమంటే కత్తిరించడం. దగ్గు, కాగితం తిప్పిన చప్పుడు, వీధిలో లారీ హారను, చదువుతూ చదువుతూ అక్క నాతో అన్న మాటలు. ఇరవై ఆరేళ్ళుగా పరీక్ష పేపర్లు దిద్దుతున్న చెయ్యి నాది, అక్కర్లేనిది కనబడితే ఊరుకోదు. ప్రతి కోతనూ ఒక నోటుబుక్కులో ఎర్ర పెన్నుతో రాసేదాన్ని. ఎన్నో నిమిషం, ఎన్నో సెకను, ఎందుకు తీసేశానో. దగ్గు. నవ్వు. టీ గురించి. అక్క ఒకసారి ఆ పుస్తకం తిరగేసి, నా మీద చార్జిషీటు రాస్తున్నావా ఏంటే అంది. ఆ మాటా రికార్డయింది. దాన్నీ తీసేశాను.

ఏదీ పారేసే అలవాటు లేనిదాన్ని కనుక ఆ ముక్కలన్నీ 'తీసేసినవి' అని ఒక ఫోల్డరులో ఉంచాను. పాఠాలు ఆ బడిలో భద్రంగా ఉన్నాయి, ఫోను చేస్తే రేపే పంపుతారు. కానీ వాటిలో ఉన్నది పిల్లలకు చదివి వినిపించే అక్క. నాతో మాట్లాడిన అక్క ఆ డిస్కులో తప్ప ఇంకెక్కడా లేదు.

స్టేషనరీ షాపు మేడమీద ఒకావిడ కంప్యూటర్లు బాగుచేస్తుంది. కింద షాపాయన ఆవిడను 'డిస్కుల డాక్టరు' అంటాడు. నలభై ఏళ్ళుంటాయి, జడలో చిన్న స్క్రూడ్రైవరు గుచ్చుకుని ఉంది. డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విని, ఎన్నిసార్లు ఆన్ చేశారని అడిగింది. నిజమే చెప్పాను. ఫోల్డరు మొత్తం కాపీ పెట్టానని, ఒకచోటికి వచ్చి ఆగిపోయిందని, ఆగినప్పుడల్లా మళ్ళీ మొదటినుంచీ పెట్టానని.

“జబ్బుమనిషిని పడుకోనివ్వకుండా లేపి లేపి, ఎలా ఉంది, ఎలా ఉంది అని అడిగినట్టుంది టీచర్‌గారూ మీ పని” అని నవ్విందావిడ.

ఆసుపత్రిలో అక్కను చివరి వారమంతా అలాగే అడిగాను.

చెయ్యబోయేది ఆవిడ నిదానంగా వివరించింది. మామూలు కాపీ చెడిపోయిన చోటు తగలగానే అక్కడే మొండికేస్తుంది. ఆవిడ వాడే ప్రోగ్రాము అలా కాదు. రానిచోటును గుర్తుపెట్టుకుని దాటిపోతుంది. బాగున్నదంతా కొత్త డిస్కులోకి తెచ్చాక, వెనక్కి వచ్చి మిగిలినవాటిని చిన్నచిన్న ముక్కలుగా పట్టి లాగుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక పట్టీ రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా నష్టంలేదు. ముందు వచ్చినవి రాసెయ్యండి, రానిదానికి జాగా వదలండి అని పరీక్షలప్పుడు నేనూ పిల్లలకు చెబుతానన్నాను. అయితే ఇది మీ క్లాసులోనే చదివుంటుంది అందావిడ.

తర్వాత నవ్వు ఆపి అడిగింది.

“ముందు మీ ఫోల్డరే తెమ్మంటే తెస్తాను. కాకపోతే ఆ ముక్కలు డిస్కంతా చెల్లాచెదురుగా ఉంటాయి. చదివే ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. అలిసిపోయి మధ్యలోనే ఆగిపోయినా ఆగిపోవచ్చు. మొదటినుంచీ వరసగా తెస్తే దానికి శ్రమ తక్కువ. మీ ముక్కలు ఎప్పుడొస్తాయో, అసలొస్తాయో రావో మాత్రం చెప్పలేను. ఏం చెయ్యమంటారు?”

ముందు నా ఫోల్డరే అనాలని నాలిక చివరిదాకా వచ్చింది.

“వరసగానే కానివ్వండి” అన్నాను. మెట్లు దిగుతూ సగంలో ఆగి, వెనక్కి వెళ్ళి మాట మార్చుకుందామా అనుకున్నాను. వెళ్ళలేదు.

అయిదు రోజులు పట్టింది. సాయంత్రం బడి వదలగానే అక్కడికి వెళ్ళి స్టూలు మీద కూర్చునేదాన్ని. తెరమీద చిన్నచిన్న గళ్ళు. వచ్చినవి ఆకుపచ్చ, ఇంకా చూడనివి బూడిదరంగు, రానివి ఎరుపు. పని పూర్తయ్యేదాకా ఒక్క ఫైలు కూడా తెరవడానికి వీల్లేదంది. మా క్లాసు పిల్లల పేపర్లు దిద్దుకుంటూ గళ్ళు చూసేదాన్ని. మూడోరోజు ఆవిడ నాకూ ఒక టీ తెప్పించింది. ఎవరి ముక్కలని అడగలేదు.

ఇంట్లో ఆ గది కిటికీకి దుప్పటి ఇంకా అలాగే ఉంది. పక్కింటి కుక్క మొరిగితే చెయ్యి దానంతటదే పెన్ను కోసం వెళ్ళేది. ఎన్నో నిమిషమో చూడాలని గడియారం వైపు తిరిగాక గుర్తొచ్చేది.

ఆరోరోజు వెళ్ళేసరికి టిక్కుటిక్కు చప్పుడు లేదు. ఇంక లేవదు టీచర్‌గారూ, మీరు చెప్పిన వరస మంచిదే అయింది, తెచ్చినంత తెచ్చి పోయింది అందావిడ. తెర దాదాపు అంతా పచ్చగా ఉంది, ఒకచోట మాత్రం సన్నటి ఎర్ర గీత. నా ఫోల్డరులో రెండువందల పన్నెండు ముక్కలు. రెండువందల పదకొండు నిక్షేపంగా ఉన్నాయి. చివరిదానికి మధ్యలో కన్నం పడింది. అది అక్క ఆసుపత్రికి వెళ్ళేముందు చదివిన ఆఖరి పాఠంలోది.

ఆవిడ నా చేతికి ఇయర్‌ఫోన్లు ఇచ్చి, కింద షాపులో ఏదో పనుందని వెళ్ళిపోయింది.

“ఒసేయ్, ఇది కూడా కోసేస్తావని తెలుసు. అయినా చెప్తున్నా, విను” అంది అక్క.

తర్వాత ఏమీలేదు. గది నిశ్శబ్దం కూడా కాదు. గది నిశ్శబ్దంలో ఫ్యాను ఉంటుంది, ఊపిరి ఉంటుంది. ఇది వట్టి ఖాళీ. పదకొండు సెకన్లు.

“...సరేనా?” అంది అక్క.

“సరేలే. చదువు” అంది నా గొంతు.

డిస్కుల డాక్టరు పైకి వచ్చాక అడిగితే, రానిచోట ప్రోగ్రాము ఖాళీ నింపుతుందని చెప్పింది. అలా నింపకపోతే మిగతావి వాటి చోట్లలో ఉండవట. నా ముఖం చూసి, ఆ ఖాళీ తీసేసి రెండువైపులా కలిపెయ్యనా, వినడానికి బాగుంటుంది అంది. అతుకు కూడా తెలియదంది. ఆ మాట నాకు తెలుసు. అక్కతో నేనే అనేదాన్ని.

“వద్దండి. ఉండనివ్వండి” అన్నాను.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తీశాను. ఆఖరి పేజీలో ఆఖరి వరస. పధ్నాలుగో పాఠం, ఇరవై రెండు నిమిషాల పది సెకన్ల నుంచి ముప్పై ఒకటో సెకను దాకా. కారణం దగ్గర నా గుండ్రటి అక్షరాలు: 'అనవసరం'.

అంటే ఆ మాట నేను రెండుసార్లు విన్నాను. అక్క చెప్పినప్పుడు ఒకసారి, కత్తిరించేటప్పుడు ఒకసారి. రెండోసారి పెన్ను పట్టుకుని మరీ విన్నాను. గ్యాసు గురించా, మందుల గురించా, దుప్పటి ఉతకమనా, తనేమైనా అయితే ఏం చెయ్యాలోనా. ఒక్కొక్కటీ అక్క గొంతులో అనుకుని చూశాను. ఏదీ ఆ పదకొండు సెకన్లలో కుదురుగా కూర్చోలేదు. ఏదో ఒప్పుకున్నాను, అంతవరకే తెలుసు.

రోజూ బడినుంచి వచ్చాక ఆ గదిలో కూర్చుని ఒకసారి వింటాను. కొత్త డిస్కు చప్పుడు చెయ్యదు. ఖాళీ వచ్చినప్పుడు కదలను. ఒక్కోరోజు వీధిలో లారీ వెళుతుంది, ఒక్కోరోజు పక్కింటి కుక్క మొరుగుతుంది. అవి ఆ పదకొండు సెకన్లలోకి వచ్చి, అక్క సరేనా అని అడిగేలోపు వెళ్ళిపోతాయి. నేను రాసుకోను.